ఎంగిలి మంట

ఆ ఏడు రథసప్తమికి వచ్చిన జనం ఇంకా పూర్తిగా పల్చబడకముందే మునిసిపల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పెద్ద ఎత్తున భోజనాలు పెట్టే హోటళ్ళు తమ తడి చెత్తని తామే చూసుకోవాలని, ఉగాది దాటాక చెత్తబండి దాన్ని ఎత్తదని, ఏర్పాటు చేసుకోనివాళ్ళకి లైసెన్సు మళ్ళీ ఇవ్వరని అందులో ఉంది. మా ఆయన ధర్మారావు దాన్ని చదివి, మడిచి, గల్లాపెట్టె కింద పెట్టాడు. ఆయన చేతికొచ్చిన కాగితాలు చాలావరకు అక్కడికే చేరతాయి. కొన్నాళ్ళు పట్టించుకోకపోతే వాటి అవసరం వాటంతట అదే తీరిపోతుందని ఆయన నమ్మకం.

మాది అరసవల్లిలో భోజన హోటల్. గుడివైపు తిరిగే ఆటోలన్నీ మా గుమ్మం దగ్గరే హారన్ కొడతాయి. ఆదివారాలు, మాఘమాసం పొడుగునా, ఒక పంక్తి లేచేలోపు ఇంకో పంక్తి వచ్చి వెనకాల నిలబడుతుంది. మామగారు పోయాక ధర్మారావు గల్లా దగ్గర, నేను వడ్డన దగ్గర, మా అత్త కన్యాకుమారి వంటింట్లో. మా హోటల్‌కి జనం బోర్డు చూసి రారు. ఆవపెట్టిన అరటికాయ కూర కోసం, ముక్కల పులుసు కోసం వస్తారు. ఆ రెండూ మా అత్త చేతికే కుదురుతాయి. ఒకసారి ఆవిడకి జ్వరమొస్తే అవే కొలతలతో నేను చేశాను. ఎన్నో ఏళ్ళుగా మా దగ్గర తినే బట్టల కొట్టాయన పులుసుని ఆకులో ఓ పక్కకి నెట్టి, "పెద్దమ్మగారు ఊళ్ళో లేరేటి?" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఉన్నమాటే అడిగాడు.

కాగితం వెనకాలే సింధూరి వచ్చింది. ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజినీరు, విజయనగరం అమ్మాయి. గల్లా దగ్గర ఆగకుండా తిన్నగా పెరట్లోకి నడిచి, ఎంగిలాకుల డ్రమ్ముల మూతలు ఎత్తి చూసింది. ముక్కు మూసుకోలేదు. అది నాకు నచ్చింది. ఎందుకంటే ఆ డ్రమ్ములు రోజూ బయటికి లాగించేది నేనే.

ఇదంతా ఎక్కడికి పోతుందో తెలుసా అని అడిగింది. ఊరవతల దిబ్బకి అన్నాన్నేను. అక్కడ ఏమవుతుందో తెలుసా అంది. కుళ్ళుతుంది, అంతేగా అన్నాడు ధర్మారావు. అక్కడే ఉంది అసలు సంగతి అని, ఆ అమ్మాయి డ్రమ్ము అంచు పట్టుకునే చెప్పడం మొదలుపెట్టింది. అన్నం, కూర, ఆకు ఒకదాని మీద ఒకటి పడి, గాలి తగలకుండా అడుగున కుళ్ళితే మీథేన్ అనే గ్యాసు పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. బండ్ల పొగలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుందట. ఏటేటా ఎండలు ఇలా ముదరడంలో దాని వాటా చిన్నది కాదట. అయితే అది ఆకాశంలో ఎక్కువ కాలం నిలవదు గనక, పుట్టేచోట ఆపితే మన కాలంలోనే తేడా కనిపిస్తుందట. అదే చెత్తని మూతపెట్టిన ట్యాంకులో వేస్తే, ఆ గ్యాసే పైపులోంచి వచ్చి పొయ్యి కింద మండుతుంది.

మా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విని, "అన్నం వొదిలీసి ఎల్లినోడు సల్లగా బస్సెక్కేడు. ఆకులు తీసినోలకి వొచ్చింది తంటా," అంది.

సింధూరి నవ్వింది. ట్యాంకు పెట్టడానికి మేం ఒప్పుకున్నాం. ఒప్పుకోకపోతే లైసెన్సు పోతుంది.

పాత కట్టెల పాక తీసేసి ఆ జాగాలో నల్లటి ట్యాంకు దింపారు. పైన బోర్లించిన డ్రమ్ము. లోపల గ్యాసు చేరేకొద్దీ అది పైకి లేస్తుంది, వాడుకునేకొద్దీ దిగుతుంది. మొదట పేడనీళ్ళు పోసి నింపాలన్నారు. పేడ అనేసరికి మా అత్తకి ట్యాంకు మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఎదర పాలవాళ్ళ ఇంటినుంచి తనే పేడ తెప్పించి, కలుపుతుంటే దగ్గర నిలబడి, ట్యాంకు నుదురు ఎటువైపో చూసి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ రోజుకి అది ఆవిడ దృష్టిలో గట్టి మూత ఉన్న పెద్ద చెత్తకుండీ. అంతే.

పైపు వంటింటి గోడలోంచి లోపలికి వచ్చిన రోజు గొడవ మొదలైంది.

సింధూరి స్వయంగా వచ్చి, అన్నం వండే పెద్ద పొయ్యికి ఆ పైపు తగిలించి వెలిగించింది. నీలంగా, చప్పుడు లేకుండా వచ్చింది మంట. పనివాళ్ళు కూడా వచ్చి చూశారు. మా అత్త ఎసరు గంగాళం పొయ్యి మీదకి ఎత్తించబోతూ ఆగి, "ఇది దేన్నుంచి వొస్తన్నాది?" అని అడిగింది. ట్యాంకులో వేసినదాన్నుంచే, మామ్మగారూ, మీ హోటల్ ఆకుల్నుంచే అని ఆ అమ్మాయి సంతోషంగా చెప్పింది.

మా అత్త గంగాళం దింపించేసింది. చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఎంగిలి మంట మీద నాను అన్నం వొండను," అంది.

గట్టిగా అనలేదు. ఆవిడ గట్టిగా అన్న మాటలు సాయంత్రానికి మారిపోతాయని, నెమ్మదిగా అన్నవి మారవని ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఇంటి ఎంగిలి సంగతి బయటివాళ్ళకి చెప్పడం కష్టం. వడ్డించే గరిటె ఆకుని తాకితే ఆ గరిటె మళ్ళీ గిన్నెలోకి వెళ్ళదు. ఆకులు తీసిన చెయ్యి కడుక్కున్నా సరే, ఉప్పు డబ్బా ముట్టుకోకూడదు. రుచి చూడకుండానే అంత పులుసు కాస్తుంది మా అత్త. దేవుణ్ణి చూడ్డానికొచ్చినవాళ్ళు తినే అన్నం అది. తను ముందు నోట పెట్టదు. అలాంటి మనిషిని, జనం నోళ్ళలోంచి జారినదానితో వచ్చిన మంట మీద ఆ జనానికే మళ్ళీ వండమంటున్నాం.

ధర్మారావు మొదట నవ్వుతాలుగా తీసుకున్నాడు. తరవాత గుడి దగ్గర తెలిసిన పంతులుగారిని పిలుచుకొచ్చాడు. అగ్నికి దోషం అంటదమ్మా, ఏది పడ్డా అది శుద్ధే చేస్తుంది అని ఆయన వివరంగా చెప్పాడు. మా అత్త ఆయనకి అరటికాయ కూరతో భోజనం పెట్టి, దణ్ణం పెట్టి పంపించాక, "ఆయనకేటి తెలుస్తాది, ఏనాడైనా వొంట సేసేడా?" అంది.

గ్యాసుతో గిన్నెలు కడిగే నీళ్ళు కాచుకుందామని నేనన్నాను. కొన్నాళ్ళు అలాగే జరిపాం. కానీ నీళ్ళకి ఎంతకని అవుతుంది? ఆదివారం వచ్చేసరికి డ్రమ్ము పీకలదాకా లేచి కూర్చునేది. అప్పుడు ధర్మారావు ఎవరికీ చెప్పకుండా పైపు తిప్పి గ్యాసు బయటికి వదిలేసేవాడు. ఒకరోజు సింధూరి వచ్చేసరికి ఆ పనిలోనే ఉన్నాడు. ఆ అమ్మాయికి ముఖం ఎర్రబడింది. మండించకుండా వదిలేస్తే దిబ్బ మీద కుళ్ళినదానికీ దీనికీ తేడా ఏముంది సార్, ఈ ట్యాంకు పెట్టిందే అది గాల్లో కలవకుండా ఉండడానికి కదా అంది. పెద్ద పొయ్యి కింద మండకపోతే ఈ ఏర్పాటు ఉన్నట్టు తను రాయలేనని చెప్పేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా అత్త కోటబొమ్మాళిలో ఉన్న కూతురు పద్మకుమారికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పింది. చీరలు మడతపెట్టింది. ఎన్నాళ్ళకని పద్మకుమారి అడిగినట్టుంది. "ఇక్కడ పొయ్యి బాగైనదాకా," అంది.

ఆవిడ వెళ్తే హోటల్ ఉండదు. ఆవిడ ఉండాలంటే ఆ మంట ఉండకూడదు. మంట లేకపోతే లైసెన్సు లేదు. భోజనాల దగ్గర ధర్మారావు ఇదే తిప్పి తిప్పి చెప్పాడు. నేను వినీ విననట్టు మజ్జిగ పోశాను. మా అత్త చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తరవాత, "ఆ టేంకు పని నాకొదిలీండి," అంది. "దాని నోట్లో ఏటి పడాలో నానే సూసుకుంటాను. ఇంకెవలూ సెయ్యెట్టొద్దు. అలగైతే ఉంటాను. వొండుతాను."

అందరికీ ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగలేదు. అప్పటికి ఉగాది దగ్గరపడింది.

మర్నాటినుంచి పెరట్లో రెండు బకెట్లు కనిపించాయి, ఒకటి మూతతో, ఇంకోటి మూత లేకుండా. మా అత్తకి ప్రతిదీ రెండేసి ఉంటాయి. రెండు బిందెలు, రెండు చీపుళ్ళు, చేతులు తుడుచుకునే గుడ్డలు రెండు. కాబట్టి బకెట్లు రెండున్నాయని ఎవరికీ వింతగా తోచలేదు. ఆవిడ పొద్దున్న, మధ్యాహ్నం స్వయంగా ట్యాంకు దగ్గరికి వెళ్ళి పని చూసుకునేది. అన్నం పెద్ద పొయ్యి మీదే వండేది. పొయ్యి వెలిగించేముందు దానికి దణ్ణం కూడా పెట్టేది.

ఆ రోజులు బాగానే గడిచాయి. సింధూరి ఇంకో ఊరి హోటళ్ళవాళ్ళని తీసుకొచ్చి మా వంటిల్లు చూపించింది. ఒక ముసలాయన, మా ఇంటాడవాళ్ళు ఇది పనికిరాదంటారండి, మీకు పట్టింపు లేదా అని మా అత్తనే అడిగాడు.

"మా మంటకి ఏ దోసం నేదు బాబూ," అంది మా అత్త, ఎంతో నిబ్బరంగా. ఆఫీసువాళ్ళు ఆవిణ్ణి పొయ్యి పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. ధర్మారావు ఆ ఫొటోని బంధువులందరికీ పంపాడు.

వైశాఖం వచ్చింది. ఆ ఏడు ఎండ ఎంత ఉందంటే, మధ్యాహ్నం పంక్తిలో కూర్చున్నవాళ్ళు అన్నం వద్దని మజ్జిగ మీద మజ్జిగ అడిగేవారు. ఊరగాయల రోజులు. హోటల్‌కి ఏడాదికి సరిపడా మాగాయ మా అత్తే పెడుతుంది. పెరట్లో ఎటు చూసినా మామిడికాయల చెక్కులు, వాటి పుల్లటి వాసన. ఆదివారం పులిహోరకి పిండిన నిమ్మడిప్పలు, పులుసుల చింతపండు పిప్పి సరేసరి.

మంట మొదట పసుపుపచ్చగా మారింది. తరవాత గంగాళం అడుగుని అందుకోవడం మానేసింది. ఓ ఆదివారం జనం కూర్చున్నాక అన్నం సగంలో ఉండగా ఆరిపోయింది. సిలిండరు పొయ్యి మీదకి మార్చేసరికి అన్నం ముద్దయింది. బట్టల కొట్టాయన దాన్ని వేళ్ళతో నొక్కి చూశాడు.

డ్రమ్ము పూర్తిగా దిగిపోయి, కదలకుండా కూర్చుంది. సింధూరి వచ్చి ట్యాంకు నీళ్ళలో ఒక కాగితం ముక్క ముంచితే ఎర్రగా అయింది. లోపలంతా పులిసిపోయిందని చెప్పింది. ఇందులో గ్యాసు పుట్టించే క్రిములు పులుపుకి తట్టుకోలేవు, చచ్చిపోయాయి అంది. అన్నం, కూరలు పడితే ఇలా అవ్వదే, ఇందులో ఏం వేస్తున్నారు అని అందరి ముఖాలూ చూసింది. ధర్మారావు నన్ను చూశాడు. నేను మా అత్తని చూశాను. ఆవిడ కొళాయి కట్టేస్తోంది.

సరిగ్గా అప్పుడే ఎర్రన్న పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. పొడి చెత్త బండి అతనిది. అట్టపెట్టెలు, ప్లాస్టిక్కు తీసుకుపోవడానికి రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు, వెళ్ళేటప్పుడు మా అత్త అతనికో గిన్నె అన్నం పెట్టేది. రెండ్రోజులుగా రాలేదు. కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. మమ్మల్నెవ్వరినీ పట్టించుకోకుండా మా అత్తతోనే మాట్లాడాడు.

"అమ్మా, ఇంక మీ ఆకుల మూటలు నాను ఎత్తనేను. అన్నం గిన్నె కూడా ఒద్దు."

ఏ ఆకుల మూటలు అని ధర్మారావు అడిగాడు. మూటలే బాబూ, రోజూ అట్టల కింద పెట్టి అమ్మగారు పంపుతారు గదా అన్నాడు ఎర్రన్న. దిబ్బ అంటుకుందని చెప్పాడు. రెండ్రోజులై కాలుతోందట. అతని ఇల్లు ఆ దిబ్బ వారనే. పెళ్ళాం బుల్లమ్మకి ఊపిరందక ఆసుపత్రిలో పెట్టి, ఆ పొద్దునే ఇంటికి తెచ్చాడట.

అతను వెళ్ళాడు. అడక్కుండానే మా అత్త చెప్పింది. ఎంగిలి పడితే గదా మంట ఎంగిలయ్యేది. అందుకని ఎంగిలిది పడనివ్వలేదట. తొక్కలు, పిప్పి, డిప్పలు, కడుగునీళ్ళు, గంజి, ఎవరి నోరూ ముట్టనివి మాత్రమే మూతున్న బకెట్లోంచి ట్యాంకులోకి వెళ్ళాయి. ఆకులు, వాటిలో మిగిలిన అన్నాలు రెండో బకెట్లోంచి మూటకట్టి ఎర్రన్న బండిలో దిబ్బకి.

సింధూరికి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ వచ్చిందనుకుంటాను. నిప్పు మాత్రం ఎవరో వేసింది కాకపోవచ్చు మామ్మగారూ, అడుగున గ్యాసు నిండి ఉన్నప్పుడు ఈ ఎండకి ఒక బీడీ ముక్క చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు అంది. "అది మీ ఒక్కరి ఆకుల వల్ల కాదు," అని కూడా అంది.

"నా ఆకులు కూడా ఉన్నాయి గదా," అంది మా అత్త.

మర్నాడు పొద్దున్న వంట త్వరగా ముగించి, బుల్లమ్మని చూసొద్దాం, ఆటో పిలవమంది. మెత్తగా ఉడికించిన అన్నం, మిరియాల చారు, కొంచెం నెయ్యి స్టీలు గిన్నెలో సర్దుకుంది.

దిబ్బని నేనంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. మంటలేమీ కనపడలేదు. ఇడ్లీపాత్ర మూత పక్కలనుంచి ఆవిరి వచ్చినట్టు, దిబ్బలో ఎక్కడెక్కడినుంచో సన్నగా పొగ వస్తోంది. అగ్నిమాపకంవాళ్ళు ఓ పక్కనుంచి నీళ్ళు కొడుతున్నారు. పైన తడిసి నల్లబడింది, లోపల కాలుతూనే ఉంది. పక్కన నిలబడితే చెప్పుల్లోంచి వేడి తెలిసింది.

బుల్లమ్మ ఇంటి ముందు మంచమ్మీద, గోడకి చేరబడి కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదట. నేనంటే ఆవిడకి తెలియదు. మా అత్తని మాత్రం ఎర్రన్న చెప్పకముందే పోల్చుకుంది.

"మీ ఓటలు ఆకులు నాకు తెలుస్తాయమ్మా," అంది. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. "ఆదోరం మద్దేనం బండి దిగితే ఇంగువ వాసనొస్తాది. ఈయాల పులిహోర సేసేర్రా అనుకునీదాన్ని." ఇంకా ఏదో చెప్పబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, "ఇప్పుడు ఏ వాసనా తెలడం నేదు," అంది.

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే మా అత్తకి తేలికయ్యేది.

గిన్నె విప్పి చేతికిచ్చాం. ఆవిడ చారన్నం రెండు ముద్దలు తిని, మింగుడు పడడం లేదని పక్కన పెట్టేసింది. బయటివాళ్ళు తిన్న గిన్నె మా ఇంట్లోకి తిరిగి రాదు. అక్కడే ఇచ్చేసి వస్తాం, దానికి దానం అని పేరు పెడతాం. గిన్నె ఉంచుకో అని మా అత్త అంది. గిన్నె ఉంచుకుంటాను గానీ అన్నం తీసుకెళ్ళిపోండమ్మా అంది బుల్లమ్మ.

"దీన్ని పారీడానికి ఈ దిబ్బ తప్ప మాకు సోటు నేదు."

మా అత్త ఒక్క క్షణం ఆ గిన్నె వైపే చూసింది. తరవాత మూతపెట్టి తీసుకుంది.

ఆటోలో దాన్ని కింద పెట్టమని నేనంటే వినిపించుకోలేదు. ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. వీధిగుమ్మంలోంచి కాకుండా సందులోంచి తిరిగి పెరట్లోకి వెళ్ళింది. ట్యాంకు మూత తీసి, గిన్నెలోని అన్నాన్ని తన చేత్తోనే ఊడ్చి లోపల వేసింది. చెంబెడు నీళ్ళు పోసింది. గిన్నె అక్కడే బోర్లించి, తిన్నగా స్నానానికి వెళ్ళిపోయింది. లోపలినుంచి ధర్మారావు పులుసు గరిటె ఎక్కడుందని అరుస్తున్నాడు.

తరవాత చాలా రోజులు ట్యాంకు పనే సరిపోయింది. సింధూరి దగ్గరుండి లోపలి నీళ్ళు సగం తీయించి, సున్నపు తేట పోయించి, మళ్ళీ పేడనీళ్ళు కలిపించింది. అది కోలుకునేదాకా ఆకుల్ని దిబ్బకి పంపకుండా, పెరట్లో మట్టీ ఎండుటాకులూ కలిపి, గాలి ఆడేలా తిరగేస్తూ ఎరువు చేశాం. పులుపు ఎంతవరకు తట్టుకుంటుందో, అన్నం ఎంత, తొక్కలు ఎంత పడాలో మా అత్త అడిగి తెలుసుకుంది. సింధూరి చెప్పినదాన్ని పెదవులు కదుపుతూ మళ్ళీ అనుకుంది, ఊరగాయ కొలతలు అనుకున్నట్టే.

ఈలోపు పద్మకుమారి ఫోన్ చేసి, గది సర్దించాను, ఎప్పుడొస్తున్నావని అడిగింది. ఆవిడ ఏం చెప్తుందో అని ధర్మారావు గల్లా దగ్గర లెక్క ఆపేశాడు. నేనూ నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడ్డాను.

"సూద్దాం," అంది మా అత్త. అంతకన్నా ఏమీ తెలియలేదు.

డ్రమ్ము కొంచెం కొంచెంగా లేచింది. ఇప్పుడు అందులో పడుతున్నది అచ్చంగా ఎంగిలే. అది మా అందరికన్నా ఆవిడకే బాగా తెలుసు. ఆ తరవాత మంటకి దోషం లేదని ఎవరితోనూ అనలేదు. సింధూరి గొట్టం చూసి, రేపు వెలిగించుకోవచ్చని చెప్పి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న నేనూ ధర్మారావూ పని కల్పించుకుని వంటింట్లోనే తచ్చాడాం. మా అత్త స్నానం చేసి వచ్చి, పొయ్యి ముందు నిలబడి, అగ్గిపుల్ల గీసింది. దణ్ణం పెట్టలేదు. "ఏటలా సూస్తన్నారు, గంగాళం ఎత్తండి," అంది.

ఎసరు పెట్టాం. ఆ రోజు ఆవపెట్టిన కూర ఎప్పట్లాగే కుదిరింది. బట్టల కొట్టాయన పులుసు రెండుసార్లు వేయించుకున్నాడు.

పంక్తులన్నీ అయ్యాక, మేం తినే వేళకి అత్త కనపడలేదు. పెరట్లోకి వెళ్ళి చూస్తే, అటక మీది పాత ఇనప కుంపటి దింపి, నాలుగు బొగ్గులు రాజేసి, చిన్న గిన్నెలో గుప్పెడు బియ్యం ఉడికించుకుంటోంది. పక్కన విడిగా కాచుకున్న చారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అడిగితే బాగానే ఉందంది. మర్నాడూ అంతే. ఆ తరవాత కూడా అంతే. అందరికీ ఆ పెద్ద పొయ్యి మీద వండుతుంది, దగ్గరుండి వడ్డన చూస్తుంది, తను మాత్రం అందులో మెతుకు ముట్టదు. ధర్మారావు బతిమాలాడు, విసుక్కున్నాడు, ఓ పూట తనూ తినడం మానేశాడు. ఆ పూట ఆవిడ అతనికి పెరుగన్నం కలిపి పెట్టింది, అంతే.

తొలకరి ముందు సింధూరి ఇంకో ఊరివాళ్ళకి చెప్పడానికి వివరాలు రాసుకోవాలని వచ్చి, ఆ కుంపటి చూసింది. ఇదెందుకు మామ్మగారూ, బొగ్గుల పొగ మీకే మంచిది కాదు అంది. అందరికీ వండుతున్నప్పుడు మీరు తినడానికేమిటి అని కూడా అడిగింది. నేను ఎన్నోసార్లు అడగాలనుకుని అడగనిదే అది.

మా అత్త విసనకర్ర ఆపలేదు.

"నా నోరు నా ఇష్టం పాపా," అంది. "దిబ్బకాడోల ముక్కులు నా ఇష్టం కాదు గదా."

సింధూరి ఆ మాట రాసుకుందో లేదో నాకు తెలియదు. పెన్ను మాత్రం చేతిలోనే ఉంది.

వానలు మొదలయ్యాక కుంపటిని రేకుల కిందకి, ట్యాంకు పక్కకి జరిపాం. పెరట్లో తడవని జాగా అదొక్కటే. కోటబొమ్మాళి ప్రయాణం మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. ఎర్రన్న అట్టలకి వస్తున్నాడు గానీ గిన్నె తీసుకోడు. బుల్లమ్మకి వాసన తెలుస్తోందా అని అతను వచ్చినప్పుడల్లా మా అత్త అడుగుతుంది. ఇంకా లేదమ్మా అని అతను చెబుతాడు.

ఇప్పటికీ అందరి భోజనాలూ అయ్యాక ఆవిడ అక్కడే పీట వేసుకుని, ట్యాంకు వైపు వీపు పెట్టి కూర్చుని తింటుంది. తిన్నాక ఆకు మడిచి, లేచి, తన చేత్తోనే దాని నోట్లో వేస్తుంది.